పంచెలో దొరికిన ఆపిల్ పులుపు

1961 జనవరి. అప్పుడు నేను బళ్ళారిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. లెక్చరర్ పాఠం చెప్పి వెళ్ళిపోయాక, ఆయన చెప్పింది నిజమేనని పిల్లల చేత గాజు గొట్టాల్లో చేయించి చూపించే మనిషిని డిమాన్‌స్ట్రేటర్ అంటారు. మా ఇంట్లో ఆ ఉద్యోగానికి ఏమాత్రం గౌరవం ఉండేది కాదు. బజారులో మాది తరాల నాటి బట్టల వ్యాపారం. గద్దె మీద కూర్చోవలసిన పిల్లోడు కాలేజీలో సీసాలు కడుక్కుంటున్నాడని మా చిన్నాయన పెళ్ళి పందిళ్ళలో కూడా చెప్పుకుని బాధపడేవాడు. అటువంటి చిన్నాయన ఒకరోజు పోలీసు ఎస్సైని వెంటబెట్టుకుని మా ల్యాబు వెతుక్కుంటూ వచ్చాడు.

ఎస్సై పేరు రుద్రగౌడ. సిరుగుప్ప తాలూకాలో పని. మామూలుగా కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. కోపం వస్తే వరుస తిరగబడేది. చంకలోని పాత పేపరు పొట్లాన్ని నా బల్ల మీద పెట్టి, పసిబిడ్డ గుడ్డలు విప్పినంత జాగ్రత్తగా విప్పాడు. లోపల ఒక తెల్ల మిల్లు పంచె ఉంది.

"నోడ్రి, చూడండి మాస్ట్రే, ఇది ఎవిడెన్స్. మెల్లిగ ముట్టుకోండి, చినుగుతాది" అన్నాడు.

"మా అంగడి సరుకే రా. కానీ పుచ్చిన సరుకు కాదు. ముందు ఆ మాట రాయి" అన్నాడు చిన్నాయన. నేను ఇంకా పెన్ను కూడా తీయలేదు.

జరిగింది ఇది. ఆ తాలూకాలోని దేశనూరులో పంపాపతప్ప అని కాస్త కలిగిన రైతు. ఊరి సహకార సొసైటీకి అధ్యక్షుడు కావాలని ఆయనకు ఆశ. ఎన్నిక మీటింగు కోసమే ఈ కొత్త పంచె కొని, పెట్టెలో దాచుకున్నాడు. ఆ రోజు దాన్ని కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, మాట్లాడటానికి లేచి సభకు దండం పెట్టాడు. దండం పెట్టాలంటే చేతులు పైకి లేవాలి కదా, చేతులతో పాటు పంచె కొద్దిగా పైకి గుంజుకుంది. అంతే, అడ్డంగా పీలికలు పీలికలుగా ఊడిపోయింది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు నవ్వాపుకోలేక ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారట. పంపాపతప్ప కండువా చుట్టుకుని ఇంటికి పోయాడు. అధ్యక్షుడుగా వేరే ఆయన్ని ఎన్నుకున్నారు.

ఇందులోకి ఊరి కంసాలి ఎందుకు వచ్చాడంటే, అంతకు కొన్నాళ్ళ ముందు పంపాపతప్ప టీ అంగడి ముందర నిలబడి, తన తల్లికి చేయించిన కమ్మల్లో కంసాలి వీరాచారి రాగి ఎక్కువ కలిపాడని నలుగురూ వినేటట్టు అన్నాడు. వీరాచారి మాట పడే మనిషి కాదు. "నలుగుర్లో నీ పంచె ఊడగొట్టకపోతే నా పేరు వీరాచారి కాదు" అని అక్కడే శపథం చేశాడు. కంసాలి అంగట్లో బంగారం శుద్ధి చేసే తేజాబు, అంటే నైట్రిక్ యాసిడ్, సీసాల్లో ఉంటుంది. ఆచారి వేళ్ళేమో ఆ యాసిడ్ తగిలి తగిలి పసుపు పచ్చగా ఉంటాయి. రుద్రగౌడ దృష్టిలో కేసు అక్కడికే అయిపోయింది.

"శపథం ఉండాది, యాసిడ్ ఉండాది, ఏళ్ళు కూడా పచ్చగ ఉండాయి. బెంగళూరుకు పంపితే రిపోర్టు వచ్చేలోపల నాకు ట్రాన్స్‌ఫర్ వస్తాది. మీరు ఊ అంటే నేను లోపలేస్తా" అన్నాడు.

నాకు వయసులో ఉన్న గర్వం. ఊ అనడానికి నేనేం తలారినా? పరీక్ష చేయందే ఒక్క మాట కూడా చెప్పనన్నాను.

చినిగిన అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాను. నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడింది. యాసిడ్ ఉన్న మాట నిజమే. రుద్రగౌడ మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు సంతోషం కలగలేదు. బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా విరగాలి, విరగలేదు, కాబట్టి సల్ఫ్యూరిక్ కాదు. సిల్వర్ నైట్రేట్ వేసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, కాబట్టి హైడ్రోక్లోరిక్ కాదు. నైట్రిక్‌కు చేసే పరీక్షలో గొట్టం మధ్య గోధుమ రంగు వలయం రావాలి. దాన్ని బ్రౌన్ రింగ్ అంటారు. అది ఎంత సేపు చూసినా రాలేదు.

"యాసిడ్ ఉండాది అంటావు, ఏ యాసిడూ కాదంటావు. ఏంది మాస్ట్రే ఇది?" అన్నాడు రుద్రగౌడ.

మిగిలింది ఆర్గానిక్ యాసిడ్, అంటే చెట్లలోనూ జీవుల్లోనూ పుట్టే జాతి. నీళ్ళలోని పులుపును క్షారంతో సమం చేసి కాల్షియం క్లోరైడ్ వేస్తే కొద్దిగా మబ్బు పట్టింది. అది వడగట్టి, ఆల్కహాలు కలిపితే తెల్లటి మడ్డి దిగింది. పుస్తకం తిరగేసి, ఇంకో రెండు పరీక్షలు చేసి, చివరికి చెప్పాను: ఇది చాలావరకు మాలిక్ యాసిడ్.

"అది యాడ దొరుకుతాది?"

"ఆపిల్ పండులో ఉంటుంది."

రుద్రగౌడ మీసం దువ్వడం ఆపేశాడు. "అంటే ఆచారి ఆపిల్ పండ్లు ఇసిరినాడంటావా? దేశనూరులో ఆపిల్ పండు యాడ ఉండాదప్పా? జ్వరమొచ్చినోళ్ళకి కూడా బళ్ళారికి వచ్చి కొనుక్కుపోతారు!"

చిన్నాయన మాత్రం సంతోషపడ్డాడు. ఆపిల్ పండు మా అంగట్లో అమ్మరు కదా.

పంచెలో ఇంకొక వింత కనిపించింది. యాసిడ్ విసిరితే చిందిన చోట చిందినట్టు పడాలి. ఈ చిల్లులు వరుసలు కట్టి ఉన్నాయి. ఒక వరుస, ఆ తర్వాత మూరకు తక్కువగా మంచి గుడ్డ, మళ్ళీ వరుస. బల్ల మీద పరిచి ఎన్ని వైపుల నుంచి చూసినా నాకు అర్థం కాలేదు.

మర్నాడు వీరాచారే స్వయంగా వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళకు దారం కట్టిన అద్దాలు. సంచిలోంచి యాసిడ్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదీ సార్ నా తేజాబు. ఇదీ నా తువ్వాలు. పోసి సూడండి."

తువ్వాలు కొసకు ఒక చుక్క వేసి ఆరబెట్టి పరీక్షించాను. బ్రౌన్ రింగ్ స్పష్టంగా వచ్చింది. పంచెలో ఉన్నది నీ యాసిడ్ కాదని చెబితే ఆయన సంతోషిస్తాడనుకున్నాను. తల అడ్డంగా ఊపాడు.

"మీరు ఈడ చెప్తే ఏమొస్తాది సార్? ఊర్లో మాట పోయింది. పెళ్ళిళ్ళ కాలం వస్తాంది. పుస్తెలకిచ్చిన బంగారం ఒకరెనక ఒకరు వాపసు తీసుకపోతాండారు. పక్కింటోని మీద తేజాబు పోసినోడు చేసిన పుస్తె ఏ ఆడపిల్ల మెడలో కడతారు? మా తాత నాటి కుంపటి సార్ అది. ఈ వారం రాజెయ్యనే లేదు" అన్నాడు. అద్దాలు తీసి, యాసిడ్ పడిన ఆ తువ్వాలుతోనే తుడుచుకోబోతే గబుక్కున చేయి పట్టుకుని ఆపాను.

అప్పటిదాకా నాకు అది ఒక పరీక్ష. ఆ మనిషిని చూశాక దేశనూరు పోవాలనిపించింది. రుద్రగౌడ కూడా అదే అన్నాడు: "ఊరోళ్ళ ముందర మీరే చెప్పండి మాస్ట్రే. ఏ యాసిడో, యాడిదో తేలకపోతే మాత్రం నేను ఆచారిని తీసుకపోవాల్సిందే."

తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళాను. బస్సు రోడ్డు మీద దించేసింది. ఊళ్ళోకి అడ్డదారి శనగచేల మధ్య నుంచి. కాలువ నీళ్ళు ఇంకా అందని నల్లరేగడి అది. నేను బజారు మనిషిని, శనగల్ని గోనెసంచిలో తప్ప చేలో చూసి ఎరగను. ఆకుల మీద మంచు కురిసి చేను తళతళలాడుతోంది. ప్యాంటు మడిచి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, దారిలో తుమ్మముల్లు గీరిన చోట భగ్గుమని మండింది. కాళ్ళు రెండూ తడిసి జిగటగా ఉన్నాయి. ల్యాబులో ఏదీ నాలుక మీద పెట్టుకోకూడదని పిల్లల్ని తిట్టే మనిషిని, పిక్క మీది తడి వేలితో తీసి నాకాను. పళ్ళు జివ్వుమన్నాయి. అంత పులుపు!

తలెత్తి చూస్తే చేను వరుసలు వరుసలుగా ఉంది. ఒక వరుస, మూరకు తక్కువగా ఖాళీ నేల, మళ్ళీ వరుస. నేను చేలో నిలబడి గట్టిగా నవ్వాను. కాపలా మనిషి ఎవరో మంచె దిగి, నన్ను చూసి, మళ్ళీ మంచె ఎక్కేశాడు.

పంపాపతప్ప ఇంటి ముందర ఊరంతా చేరింది. అరుగు మీద రుద్రగౌడ, పక్కన కానిస్టేబులు, కింద వీరాచారి. పంపాపతప్ప భారీ మనిషి. వేరే పంచె కట్టుకుని, ఎందుకైనా మంచిదని దాని మీద బెల్టు కూడా బిగించాడు.

"ఏందప్పా సారూ, తేలిందా?" అన్నాడు.

"తేలుతుంది. మీ ఇంట్లో గొర్రు ఉందా?" అని అడిగాను. గొర్రు అంటే విత్తనాలు వరుసలుగా వేసే చెక్క సాధనం. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టం నుంచి గొర్రు మోసుకొచ్చారు. చినిగిన పంచెను నేల మీద పరిచి గొర్రును దాని మీద పెట్టాను. గొర్రు పళ్ళు చిల్లుల వరుసల మీద కొలిచినట్టు కూర్చున్నాయి.

రుద్రగౌడ వంగి చూశాడు. "ఏను మాస్ట్రే? గొర్రు మీద కేసు పెట్టాలంటావా?"

"ఈ పంచెను ఎవరో శనగచేను మీద పరిచారు. యాసిడ్ ఆ ఆకులది" అన్నాను.

పంపాపతప్పకు కోపం నషాళానికంటింది. "నా పంచె పెట్టెలో ఉండాది. పెట్టె నా ఇంట్లో ఉండాది. అది లేసి చేనికి పోయిందా? ఆచారి ఈయప్పకు ఏమో ఇచ్చినాడు!"

"చాలు. ఏ ఆచారీ, నడి" అని కన్నడంలోకి దిగిపోయాడు రుద్రగౌడ. కానిస్టేబులు ఆచారి భుజం మీద చేయి వేశాడు. ఆచారి వెనక్కి తిరిగి వీధి చివరనున్న తన అంగడి వైపు ఒకసారి చూశాడు.

"నిలబడండప్పా!" అని లోపలి నుంచి కేక వచ్చింది.

పంపాపతప్ప తల్లి తిప్పమ్మ. డెబ్భై దాటిన మనిషి, చెవులకు ఆ గొడవపడిన కమ్మలే వేలాడుతున్నాయి. గడప దాటి వచ్చి గొర్రు పక్కన నిలబడింది.

"వాణ్ణి ఇడ్సండి. పంచె నేను పరిచినా."

రుద్రగౌడే తేరుకుని, ఎందుకు పరిచావవ్వా అని అడిగాడు.

"హుళికి" అంది, తెలియనివాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు. ఆ పక్క శనగచేల మీద మాపటేళ గుడ్డ పరుస్తారు. రాత్రి మంచులో ఆకుల పులుపు కలిసి గుడ్డకు పడుతుంది. తెల్లారి ముంతలోకి పిండుకుంటారు. కన్నడంలో పులుపుకు హుళి అంటారు, ఈ మందుకూ అదే పేరు. అజీర్తికి దాన్ని మించింది లేదని ఆ ఊళ్ళ నమ్మకం.

"హుళికి పాత గుడ్డ లేదా మ్మా? నా మీటింగు పంచేనా దొరికింది?" అని అరిచాడు కొడుకు.

"పాత గుడ్డ పనికి రాదురా! సాకలోడు సవుడేసి ఉతికిన గుడ్డకు హుళి సచ్చిపోతాది. సప్పగ వస్తాది. నీళ్ళకు పడని కొత్త గుడ్డ కావల్ల. ఇంట్లో కొత్తది అదొక్కటే ఉన్నింది. ఒక్క దినమే అనుకున్నా. బాగొచ్చింది. ఇంగొక దినం అనుకున్నా. ఎండకేసి, మడతబెట్టి, మళ్ళా పెట్టెలో పెడతాన్నా."

ఆవిడ మాట అక్షరాలా కెమిస్ట్రీయే. చాకళ్ళు వాడే చవుడు మట్టిలో క్షారం ఉంటుంది, యాసిడ్‌ను విరిచేస్తుంది. కొత్త గుడ్డలో విరిచేదేమీ లేదు. ఎండలో నీళ్ళు ఆవిరైపోయినా యాసిడ్ పోదు, నూలులోనే చిక్కబడుతుంది. అట్లా వారాల తరబడి పరిచి, ఆరేసి, మడతపెడితే మా చిన్నాయన అంగట్లోదే కాదు, ఏ మిల్లు పంచె అయినా పీలికలు కావలసిందే.

"సరే. ఇన్ని దినాలు పిండిన హుళి ఏం చేసినావు?" అని అడిగాడు పంపాపతప్ప.

తిప్పమ్మ ఆచారి వైపు చూసింది, నేల చూసింది. ఇన్ని రోజులూ ఆవిడ నోరు విప్పకపోవడానికి కారణం ఇక్కడుంది.

"మజ్జిగలో పోసినా."

"ఎవరి మజ్జిగలో?"

"నీ మజ్జిగలోనే రా! తినేది బుట్టెడు బెల్లం ఓళిగలు. కడుపు ఉబ్బుతాది. నాటు మందంటే మూతి తిప్పుతావు. అందుకే చెప్పకుండ పోసినా. నీ పంచె నువ్వే తాగినావు!"

ముందు కానిస్టేబులు నవ్వాడు. తర్వాత ఇంకెవరినీ ఆపలేకపోయాం. రుద్రగౌడ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పంపాపతప్ప పొట్ట మీద చేయి వేసుకుని అట్లాగే నిలబడిపోయాడు. నెల రోజులుగా తన కడుపు నెమ్మదించిందని, బళ్ళారి టానిక్కు మహిమ అని, ఆయన ఊరంతా చెప్పి ఇంకో పదిమంది చేత ఆ టానిక్కు కొనిపించాడట.

"మరి ఈ యాసిడ్ తాగితే నా కడుపు కూడా పంచె మాదిరి అవుతాదా సారూ?" అని అడిగాడు. పాపం, గొంతులో నిజంగానే భయం ఉంది.

కాదని చెప్పాను. మజ్జిగలో నాలుగు చుక్కలకు భయం లేదు. పైగా ఈ మాలిక్ యాసిడ్ మనకు పరాయిది కాదు. చెట్టులోనైనా మనిషిలోనైనా ప్రతి కణమూ చక్కెరను కాల్చుకునే బతుకుతుంది. ఒక్కసారిగా కాల్చదు. ఒకటి ఇంకొకటిగా మారుతూ, ఊళ్ళన్నీ తిరిగిన సిరుగుప్ప బస్సు మళ్ళీ స్టాండుకే చేరినట్టు, మొదటికే వస్తుంది. ఆ దారిలో ఒక స్టేజీ పేరు మాలిక్ యాసిడ్. శనగ మొక్క తయారైన దాంట్లో కొంత ఆకుల మీది సన్నటి నూగు గుండా బయటికి వదులుతుంది. కాయ తొలిచే పురుగుకు ఆ పులుపు గిట్టదు. ఇదంతా అరుగు మీద నిలబడి చెప్పాను. కాలేజీలో కూడా నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

"అయితే నా ఒంట్లో పుట్టినప్పటినుంచి యాసిడ్ ఉండాదా?" అన్నాడు పంపాపతప్ప.

"ఉండాది కాబట్టే నీ నోరు అట్ల ఉండాది. నా కమ్మలు బంగారంగ ఉండాయి. రాగి ఉందని టీ అంగట్లో ఎందుకన్నావు? పో, ఆడనే నిలబడి కాదని చెప్పు" అంది తిప్పమ్మ.

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆచారి వైపు చూశారు. పంపాపతప్ప బెల్టు సర్దుకుని, ఆచారి ముందర నిలబడ్డాడు. "రాప్పా" అని ఆచారి చేయి పట్టుకుని టీ అంగడి దాకా నడిపించుకుపోయాడు. ఊరంతా వెనకే పోయింది. అక్కడ బెంచీ మీద నిలబడి, కమ్మల్లో తప్పు లేదని, పంచెలో ఆచారి చేయి లేదని, అన్న మాట తనదే తప్పని గట్టిగా చెప్పాడు. ఆచారి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి నేను ఆపలేదు. నా కళ్ళు కూడా తడిశాయని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

రుద్రగౌడ నన్ను పక్కకు పిలిచి, తనకు కూడా రాత్రిళ్ళు గ్యాసు ఎగదన్నుతుందని, అవ్వతో చెప్పి ఒక సీసా ఇప్పించమని అడిగాడు. గుడ్డ తానే తెచ్చుకుంటానన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు నేర్పాను. లిట్మస్ ఎర్రబడితే యాసిడ్ ఉందని తెలుస్తుంది, ఇంకొన్ని పరీక్షలు చేస్తే దాని పేరు తెలుస్తుంది. అది ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ల్యాబు దిగి చేలోకి పోవాలి. ఆర్గానిక్ యాసిడ్లు వచ్చిన ప్రతిసారీ ఈ పంచె సంగతి చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే అందరూ రాసేవాళ్ళు.

మరుసటి చలికాలం తిప్పమ్మ హుళి తీసుకుపొమ్మని కబురు పెడితే దేశనూరు పోయాను. పంపాపతప్ప కూతురి పుస్తెలు తెచ్చుకోవడానికి ఆచారి అంగడికి బయలుదేరుతూ నన్నూ రమ్మన్నాడు. అంగట్లో కుంపటి ఎర్రగా మండుతోంది, లోపల నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. గుమ్మానికి తెర కట్టి ఉంది. తెల్ల మిల్లు గుడ్డ, వరుసలు వరుసలుగా చిల్లులు. లోపలికి పోవాలంటే ఎవరైనా దాన్ని పైకి ఎత్తాల్సిందే. పంపాపతప్ప ఒక నిమిషం ఆగి, నా వైపు చూసి, తెరగా మారిన తన మీటింగు పంచెను తన చేత్తోనే పట్టుకున్నాడు.

లోపలి నుంచి ఆచారి గొంతు వినిపించింది. "మెల్లిగ ఎత్తప్పా. ఇంగా చినిగిందంటే మళ్ళా స్టేషనుకు పోతావు."